పొలం నుంచి వచ్చే సంఘటనలను రియాక్టివ్ స్ట్రీమ్‌లోనికి పంపడం: సాగర్ ఎడమ కాలువ ప్రాంతపు వరి సాగు దృష్టితో ఒక వివరణ

నాగార్జునసాగర్ ఎడమ కాలువకు తల వద్ద ప్రవాహ సామర్థ్యం 11,000 క్యూసెక్కులు. 1967లో కాలువలకు నీరు విడుదలైన నాటి నుంచి మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతాల వరి సాగు ప్రధానంగా ఈ కాలువనే ఆధారం చేసుకొని విస్తరించింది. సూర్యాపేట పరిసరాలకు మూసీ ప్రాజెక్టు, శ్రీరాంసాగర్ రెండవ దశ కాలువలు ఆధారం. ఈ ప్రాంతాలలో నీటి కొలత అంటే ఇంతకాలం లస్కరు గేజీ చూసి చెప్పిన మట్టమే. ఇప్పుడు పొలంలోని నీటి మట్టాన్ని, నేల తేమను, వర్షపాతాన్ని కొలిచి మొబైల్ నెట్‌వర్క్ ద్వారా పంపే చిన్న పరికరాలు పరిశోధనా క్షేత్రాలలోనికి, విద్యార్థుల ప్రాజెక్టులలోనికి వస్తున్నాయి. పరికరం ఎంపిక, అమరిక, క్రమాంకనం గురించి తగినంత చర్చ జరుగుతున్నది. పరికరం పంపిన కొలత ప్రోగ్రాంలోనికి ప్రవేశించే చోట దానికి ఏమి జరుగుతుందన్న ప్రశ్నను మాత్రం సాధారణంగా ప్రోగ్రామర్‌కే వదిలివేస్తున్నారు.

అక్కడ తీసుకొనే నిర్ణయాలలో ముఖ్యమైనవి ప్రోగ్రామర్ ఒక్కరే తీసుకోదగినవి కావు. రద్దీ పెరిగినప్పుడు ఏ కొలతను వదిలివేయాలి, దేనిని దాచాలి, దేని కోసం తక్కినవాటిని ఆపాలి అన్నవి పంటను ఎరిగినవారు చెప్పవలసిన సంగతులు. వారు చెప్పకపోతే ప్రోగ్రాం లైబ్రరీలో ముందుగా పెట్టి ఉంచిన అమరికే ఆ నిర్ణయం చేస్తుంది. ఆ అమరికకు వరి చిరుపొట్ట దశలో ఉన్నదో, కోతకు వచ్చినదో తెలియదు.

అడిగి తెచ్చుకొనేది, వచ్చి పడేది

ఒక ప్రోగ్రాం డిస్క్ మీది ఫైలును చదివేటప్పుడు తనకు వీలైనప్పుడు ఒక్కొక్క వరుసను అడిగి తెచ్చుకొంటుంది. ఎంత నెమ్మదిగా చదివినా ఫైలు ఎక్కడికీ పోదు. పొలంలోని పరికరం విషయం వేరు. కొలత సిద్ధం కాగానే అది పంపివేస్తుంది. అందుకొనే ప్రోగ్రాం ఖాళీగా ఉన్నదా లేదా అన్నది దానికి పట్టదు. ఈ విధంగా బయటి నుంచి వచ్చి పడే ప్రతి సమాచార శకలాన్నీ సంఘటన అంటారు. సంఘటనలను వరుసగా అందుకొని, వడబోసి, కలిపి, అవసరమైన చోటికి చేర్చే ప్రోగ్రాం నిర్మాణమే రియాక్టివ్ స్ట్రీమ్.

సాగునీటి రంగంలో పనిచేసేవారికి ఈ తేడా కొత్తది కాదు. నీటి కొరత ఉన్న సంవత్సరాలలో ఎడమ కాలువకు ఆన్–ఆఫ్ పద్ధతిలో, వారబందీ ప్రకారం నీరు వదులుతారు. అక్కడ గేటు ఉన్నది, దానిని తిప్పే మనిషి ఉన్నాడు, దిగువ అవసరాన్ని ఎగువకు తెలిపే మార్గం ఉన్నది. వానకు ఇవేవీ లేవు. కాలువ నీరు, వాన నీరు రెండూ ఒకే మడిలోకి చేరినట్లే, అడిగితే వచ్చే సమాచారం, అడగకుండా వచ్చే సమాచారం రెండూ ఒకే ప్రోగ్రాంలోనికి చేరుతాయి. ఇబ్బంది మొదలయ్యేది ఈ కలయిక వద్దనే.

మిర్యాలగూడ టోకెన్లు

అందుకొనేవాని శక్తిని పంపేవానికి తెలియజేసే ఏర్పాటును ఈ రంగంలో బ్యాక్‌ప్రెషర్ అంటారు. దిగువన గేటు దించితే కాలువలో నీరు ఎగదన్ని పైకి కబురు చేరినట్లు, అందుకొనే ప్రోగ్రాం నెమ్మదించిన సంగతి పంపే ప్రోగ్రాంకు చేరాలి. దీనికి ఈ ప్రాంతంలోనే మంచి ఉదాహరణ ఉన్నది.

2020 వానాకాలంలో సన్నరకాల సాగు విస్తారంగా జరిగింది. కోత యంత్రాల వలన రోజుల వ్యవధిలోనే కోతలు పూర్తయి, పచ్చి ధాన్యం ట్రాక్టర్లలో మిర్యాలగూడ ప్రాంతపు మిల్లులకు ఒక్కసారిగా చేరసాగింది. మిల్లు దింపుకోగలిగిన దానికి మించి ట్రాక్టర్లు రోడ్ల మీద నిలిచాయి. ఆ నవంబరులో అధికారులు టోకెన్ల పద్ధతి ప్రవేశపెట్టారు. మిల్లులు దింపుకోగల మేరకే టోకెన్లు ఇచ్చి, టోకెన్ ఉన్న ట్రాక్టర్‌నే మిల్లుకు అనుమతించడం దీని సారాంశం. రియాక్టివ్ స్ట్రీమ్స్ నిబంధనలలో రిక్వెస్ట్ అనే పిలుపు చేసే పని సరిగా ఇదే. అందుకొనేవాడు “నాకు మరో 10 పంపు” అని అడిగితే, పంపేవాడు పదికి మించి పంపరాదు.

ఆ ఉదాహరణలోనే రెండవ పాఠం కూడా ఉన్నది. టోకెన్లు వచ్చిన తరువాత టోకెన్ల కోసమే రైతులు బారులు తీరారు. అంటే రద్దీ తొలగిపోలేదు. మిల్లు గేటు దగ్గరి నుంచి టోకెన్ ఇచ్చే చోటికి మారింది. కోసిన ధాన్యం కళ్లంలో తేమతో రంగు మారుతూనే ఉంటుంది. బ్యాక్‌ప్రెషర్ అనే మాట వినగానే సమస్య తీరినట్లు భావించే విద్యార్థులు ఈ సంగతిని ప్రత్యేకంగా గమనించాలి. పంపేవాడు ఆగగలిగినవాడైతేనే బ్యాక్‌ప్రెషర్ పనిచేస్తుంది. ఆగలేనివాడైతే బారు ఎక్కడ నిలవాలి, అక్కడ ఎంతసేపు నిలవవచ్చు అన్న ప్రశ్నకు వేరే సమాధానం వెతకవలసిందే.

నిబంధనల రూపం

సంఘటనలను ప్రవాహాలుగా చూసే పద్ధతిని మైక్రోసాఫ్ట్‌లో ఎరిక్ మైయర్ బృందం రియాక్టివ్ ఎక్స్‌టెన్షన్స్ పేరుతో రూపొందించింది. నెట్‌ఫ్లిక్స్ సంస్థ దానిని జావా భాషకు తెచ్చింది. 2013లో నెట్‌ఫ్లిక్స్, పివోటల్, టైప్‌సేఫ్ సంస్థల ఇంజినీర్లు కలిసి ఉమ్మడి నిబంధనల రచన ప్రారంభించగా, 2015లో రియాక్టివ్ స్ట్రీమ్స్ 1.0 వెలువడింది. 2017లో వచ్చిన జావా 9లో ఇవే నిబంధనలు ఫ్లో అనే పేరుతో చేరాయి.

ఈ నిబంధనలలో పాత్రలు నాలుగే. పంపేది పబ్లిషర్, అందుకొనేది సబ్‌స్క్రైబర్, వారిద్దరి మధ్య ఒప్పందం సబ్‌స్క్రిప్షన్, ఒకవైపు అందుకొని మరొకవైపు పంపేది ప్రాసెసర్. ప్రతి సంఘటనా ఆన్‌నెక్స్ట్ అనే పిలుపుతో చేరుతుంది. ప్రవాహం సక్రమంగా ముగిస్తే ఆన్‌కంప్లీట్, దోషంతో ముగిస్తే ఆన్‌ఎర్రర్ వస్తుంది. ఈ రెండింటిలో ఏది వచ్చినా ఆ తరువాత ఆ ప్రవాహంలో మరే సంఘటనా రాదు. సంఘటనలు ఒకదాని వెనుక ఒకటిగా రావాలే తప్ప ఒకేసారి రెండు రాకూడదు. నియమాలు ఇంకా ఉన్నా పొలం పనికి ఇంతవరకు గుర్తుంటే చాలు.

సింక్ అనే ప్రవేశ ద్వారం

బయటి సంఘటనను ప్రవాహంలోనికి చేర్చే ద్వారాన్ని ప్రాజెక్ట్ రియాక్టర్ అనే జావా లైబ్రరీలో సింక్ అంటారు. 2020లో వచ్చిన 3.4 వెర్షన్ నుంచి ఇది ప్రస్తుత రూపంలో ఉన్నది. నెట్‌వర్క్ నుంచి కొలత అందగానే ప్రోగ్రాం ట్రైఎమిట్‌నెక్స్ట్ అనే పిలుపుతో దానిని సింక్‌కు ఇస్తుంది. పేరులోనే “ప్రయత్నించు” అన్న అర్థం ఉన్నది. కొలత చేరిందో లేదో సింక్ తిరిగి చెబుతుంది: చేరింది, నిలవ నిండింది, వినేవారు ఎవరూ లేరు, ప్రవాహం ముగిసిపోయింది, రద్దయింది, అదే క్షణంలో మరొక సంఘటన ప్రవేశిస్తున్నది.

విద్యార్థుల ప్రోగ్రాంలలో తరచుగా కనిపించే లోపం, ఈ జవాబును చూడకుండా వదిలివేయడం. ప్రోగ్రాం ఆగదు, ఎర్ర అక్షరాల సందేశమూ రాదు. కొలత మాత్రం పోతుంది. వారం తరువాత గ్రాఫ్‌లో ఖాళీ కనిపిస్తే పరికరం బ్యాటరీనో, నెట్‌వర్క్‌నో తప్పుపడతారు.

ఇందులో రెండు జవాబులకు ప్రత్యేక వివరణ అవసరం. ఒకే క్షణంలో రెండు పరికరాల కొలతలు రెండు వేర్వేరు దారులలో వచ్చి ఒకే సింక్‌ను తాకితే, వాటిలో ఒకదానిని సింక్ తిప్పిపంపుతుంది. ఇది రద్దీ కాదు; కొద్ది క్షణాల తరువాత మళ్లీ ప్రయత్నిస్తే చేరుతుంది. ప్రయోగశాలలో ఒక్క పరికరంతో పరీక్షించినప్పుడు ఇది ఎన్నడూ కనిపించదు. పొలంలో పరికరాలన్నీ సరిగ్గా గంట కొట్టగానే కొలత పంపేటట్లు అమర్చినప్పుడు తప్పక కనిపిస్తుంది. పరికరాల సమయాలను కొద్దికొద్దిగా జరపడం మంచి అలవాటు.

రెండవది ప్రవాహం రద్దు కావడం. పలువురు వినేవారికి నిలవతో పంపే మల్టీకాస్ట్ సింక్‌ను సాధారణ అమరికతో వాడితే, వినేవారంతా తప్పుకోగానే అది తన నిలవను ఖాళీ చేసి, ఆపై వచ్చేవారిని స్వీకరించడం మానివేస్తుంది. సాయంత్రం కార్యాలయంలో తెర మూసివేసి, ఉదయం తెరిస్తే ప్రవాహం నిలిచిపోయి ఉండటానికి కారణం ఇదే కావచ్చు. ఆటోక్యాన్సిల్ అనే ఈ అమరికను స్పష్టంగా మార్చుకోవాలి.

ఏది వదలవచ్చు, ఏది వదలరాదు

నిలవ నిండినప్పుడు అందుబాటులో ఉన్న మార్గాలు కొన్నే. కొత్తగా వచ్చినదాన్ని వదలవచ్చు. పాతవాటిని వదిలి తాజాదాన్ని మాత్రమే ఉంచుకోవచ్చు. నిలవ పెంచవచ్చు. దోషంగా ప్రకటించి ప్రవాహాన్ని ఆపవచ్చు. లైబ్రరీలలో వీటికి డ్రాప్, లేటెస్ట్, బఫర్, ఎర్రర్ అనే పేర్లున్నాయి. ఏ సంఘటనకు ఏది తగునన్నది ఆ కొలత స్వభావాన్ని బట్టి నిర్ణయించాలి. ఈ వ్యాసంలో వ్యవసాయ శాస్త్రవేత్త ఎక్కువ శ్రద్ధ పెట్టవలసిన భాగం ఇదే.

వరిలో తడి–ఆరుదల పద్ధతిని తీసుకొంటే, పొలంలో 30 సెం.మీ. పొడవు గల రంధ్రాల గొట్టాన్ని 15 సెం.మీ. నేలలోనికి దిగేటట్లు పాతుతారు. నీటి మట్టం నేల ఉపరితలానికి 15 సెం.మీ. దిగువకు పడినప్పుడు తిరిగి తడి ఇవ్వాలని అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థ సూచిస్తుంది. గొట్టంలో అమర్చిన పరికరం పంపే మట్టం ఒక స్థితిని తెలుపుతుంది. 10 గంటల మట్టం అందిన తరువాత 9 గంటల మట్టంతో తడి నిర్ణయానికి పనిలేదు. ఇక్కడ లేటెస్ట్ పద్ధతి తగినది. నడుమ నాలుగు కొలతలు పోయినా రైతుకు నష్టం లేదు. పాత కొలతలన్నింటినీ పొదివి పట్టుకొని, తాజా కొలతను వరుసలో చివర నిలబెట్టడమే నష్టం.

వర్షమాపకం సంగతి పూర్తిగా వేరు. తొట్టి ఒరిగే రకపు వర్షమాపకంలో నిర్ణీత పరిమాణం నీరు నిండగానే చిన్న తొట్టి ఒకసారి ఒరుగుతుంది. ఒక్కొక్క ఒరుగుకు ఒక్కొక్క సంఘటన వెలువడుతుంది. ఒరుగుకు 0.2 మి.మీ. అనుకొంటే 100 మి.మీ. వానకు 500 సంఘటనలు. ఇందులో 50 జారిపోతే వాన 90 మి.మీ. గానే నమోదవుతుంది. పైగా జారిపోయేది జల్లు పడినప్పుడు కాదు, కుండపోతలోనే. అంటే దోషం యాదృచ్ఛికంగా ఉండదు. భారీ వర్షాలన్నీ క్రమం తప్పకుండా తక్కువగా నమోదవుతాయి. అటువంటి దత్తాంశంతో మురుగునీటి పారుదలను అంచనా వేసిన సిద్ధాంత వ్యాసం గణాంక పరీక్షలన్నింటిలో నెగ్గి కూడా తప్పే అవుతుంది.

దీనికి నిలవ పెంచడం ఒక్కటే మార్గం కాదు. అంతకంటే మేలైన మార్గం, పంపే విషయాన్నే మార్చడం. “ఒకసారి ఒరిగింది” అని పంపడానికి బదులు “ఇప్పటివరకు మొత్తం 347 సార్లు ఒరిగింది” అని పరికరమే లెక్కించి పంపితే, నడుమ సందేశాలు పోయినా తరువాతి సందేశంతో మొత్తం సరిపోతుంది. పోయేది నడిమి నిమిషాల తీవ్రత వివరం మాత్రమే. మార్పును తెలిపే సంఘటనను స్థితిని తెలిపే సంఘటనగా మార్చడమే ఇందులోని కిటుకు. నీటి మీటరు, విద్యుత్ మోటారు నడిచిన గంటలు, కోత యంత్రం కోసిన విస్తీర్ణం వంటి కొలతలకు కూడా ఇది వర్తిస్తుంది.

ఈ రెండు పద్ధతులకూ లొంగని మూడవ రకం ఉన్నది. గేటు తెరిచారు, మందు పిచికారీ చేశారు, కాటా వద్ద ఒక రైతు ధాన్యం తూగింది అనే సంఘటనలు ఒక్కటి కూడా పోరాదు, రెండుసార్లు లెక్కకు రారాదు. వీటిని ప్రవాహంలోనికి పంపే ముందే డిస్క్ మీద రాసి ఉంచాలి. పరికరాలు సాధారణంగా వాడే ఎంక్యూటీటీ అనే సందేశ పద్ధతిలో మూడు స్థాయిలున్నాయి: చేరినా చేరకున్నా ఒక్కసారి పంపడం, కనీసం ఒక్కసారి చేరేటట్లు పంపడం, సరిగ్గా ఒక్కసారే చేరేటట్లు పంపడం. ఎక్కువగా వాడే రెండవ స్థాయిలో ఒకే సందేశం రెండుసార్లు రావచ్చు. అందువలన ప్రతి సంఘటనకూ పరికరం వద్దనే ఒక సంఖ్య ఇచ్చి, పునరావృతమైనదాన్ని ప్రోగ్రాం గుర్తించి తొలగించాలి.

మత్తడి లేని చెరువు

నిలవ ఎంత ఉండాలన్న ప్రశ్నకు తెలంగాణ చెరువుల నిర్మాణంలోనే సమాధానం ఉన్నది. తూము నుంచి ఆయకట్టుకు అవసరమైనంత నీరు పోతుంది. చెరువు నిండిన తరువాతి నీరు మత్తడి మీదుగా పోతుంది. ఎక్కడ పొర్లాలో కట్టినవారే ముందుగా నిర్ణయించి, అక్కడ రాతికట్టు కట్టారు. మత్తడి లేకపోతే నీరు కట్టలో బలహీనమైన చోటును తానే వెతుక్కొంటుంది. హద్దు లేని నిలవతో రాసిన ప్రోగ్రాం మత్తడి లేని చెరువు వంటిది. కంప్యూటర్ మెమరీ నిండేవరకు అంతా సవ్యంగా సాగినట్లే ఉండి, నిండిన క్షణంలో నిలవతో సహా ప్రోగ్రాం మొత్తం కూలిపోతుంది. రియాక్టర్‌లో ఒక్కరే వినే యూనికాస్ట్ సింక్ సాధారణ అమరికలో ఇటువంటి హద్దు లేని నిలవనే ఇస్తుంది. మల్టీకాస్ట్ సింక్ నిలవ సాధారణంగా 256.

ఈ సంఖ్యలు చాలునా అన్నది సగటుతో తేల్చరాదు. ఒక మేజరు కింద 200 పొలాలలో పరికరాలున్నాయని, ఒక్కొక్కటి 15 నిమిషాలకు ఒక కొలత పంపుతుందని అనుకొంటే రోజుకు 19,200 కొలతలు. సగటున సెకనుకు నాలుగవ వంతు కూడా లేదు. ఒక్కొక్క కొలతను డేటాబేస్‌లో రాయడానికి 20 మిల్లీ సెకన్లు పట్టినా ప్రోగ్రాం ఎక్కువసేపు ఖాళీగానే ఉంటుంది. అయితే సెల్ టవర్‌కు 6 గంటలు విద్యుత్ పోయి, పరికరాలు తమ వద్ద దాచుకొన్న కొలతలను విద్యుత్ రాగానే ఒక్కసారిగా పంపితే 4,800 కొలతలు వచ్చి పడతాయి. వాటిని రాయడానికి 96 సెకన్లు కావాలి. నిలవలో చోటు 256కు మాత్రమే.

ఇది ఊహకు మాత్రమే పరిమితమైన స్థితి కాదు. 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీలలో కోదాడ, హుజూర్‌నగర్ ప్రాంతాలలో అతిభారీ వర్షం కురిసింది. నడిగూడెం మండలంలో సాగర్ ఎడమ కాలువకు గండి పడి పొలాలు మునిగాయి. అటువంటి రాత్రి వర్షమాపకాలు, కాలువ గేజీలు, పొలం గొట్టాలు అన్నీ ఒకేసారి మాట్లాడతాయి. విద్యుత్తు, నెట్‌వర్క్ కూడా అప్పుడే దెబ్బతింటాయి. సంవత్సరమంతా నిక్షేపంగా పనిచేసిన ఏర్పాటుకు అసలు పరీక్ష ఆ కొన్ని గంటలే. కనుక ఆ రాత్రికి సరిపడే నిలవను, ఆ రాత్రికి సరిపడే మత్తడిని లెక్కించాలి. కాలువ గేజీ హెచ్చరికకు పొలం గొట్టాల కొలతల వెనుక వరుసలో నిలబడే గతి పట్టకుండా వేరే సింక్ ఇవ్వాలి.

కొలత సమయం, మౌనం

ఆలస్యంగా చేరిన కొలతకు రెండు సమయాలుంటాయి: పొలంలో కొలిచిన సమయం, ప్రోగ్రాంకు అందిన సమయం. మొదటిదాన్ని పరికరమే సందేశంలో చేర్చి పంపాలి. లేకపోతే పైన చెప్పిన లేటెస్ట్ పద్ధతి కూడా మోసం చేస్తుంది. చివరగా అందిన పాత కొలతనే తాజాదిగా చూపుతుంది. పూతకు వారం ముందు నుంచి పూత తరువాత వారం వరకు వరిలో 5 సెం.మీ. మేర నీరు నిలిపి ఉంచాలి. ఆ రెండు వారాలలో నిన్నటి మట్టాన్ని నేటిదిగా చూపి “నీరు సరిపోయింది” అని పంపిన సందేశం తాలు గింజలుగా బయటపడుతుంది. చివరి భూముల రైతుకు ఆ తడి మళ్లీ కావాలన్నా వంతు వచ్చేవరకు దొరకదు.

రద్దీ తగ్గించడానికి మట్టం మారినప్పుడే పంపే వడపోతను చాలామంది వాడతారు. మంచి పద్ధతే. కాని అప్పుడు మౌనానికి రెండు అర్థాలు వస్తాయి: మట్టం మారలేదు, లేదా పరికరం పనిచేయడం లేదు. గంటకు ఒకసారైనా “పనిచేస్తున్నాను” అనే సంకేతం వచ్చేటట్లు అమర్చి, అది రానప్పుడు తెలిపే టైమౌట్‌ను ప్రవాహంలో చేర్చాలి. ఇక్కడ మరొక చిక్కు ఉన్నది. టైమౌట్ ఆన్‌ఎర్రర్‌గా వెలువడుతుంది. దానితో ప్రవాహం ముగుస్తుంది. 200 పరికరాలను కలిపిన తరువాత టైమౌట్ పెడితే ఏ ఒక్క పరికరం మౌనాన్నీ అది పట్టుకోలేదు. తక్కిన 199 మాట్లాడుతూనే ఉంటాయి. విడివిడిగా పెట్టి, దోషాన్ని అక్కడే ఆపకుండా కలిపితే ఒక్క ఎలుక కొరికిన తీగ వలన 200 పొలాల ప్రవాహమూ ఆగుతుంది. ప్రతి పరికరపు ప్రవాహంలోనూ దోషాన్ని విడిగా పట్టుకొని, “ఈ పొలం సమాచారం లేదు” అనే సాధారణ సంఘటనగా మార్చి, ఆ తరువాతనే కలపాలి.

ప్రోగ్రాం రాయడానికి ముందు

కంపాసాగర్ పరిశోధనా స్థానం, గడ్డిపల్లి కృషి విజ్ఞాన కేంద్రం వంటి చోట్ల ఇటువంటి ఏర్పాటును తలపెట్టే బృందం ప్రోగ్రామర్‌తో కూర్చొనే ముందు ఒక కాగితం సిద్ధం చేసుకోవడం మేలు. ప్రతి కొలత ఎదురుగా అది స్థితా, మార్పా, పోరాని సంఘటనా అన్నది రాయాలి. ఎంత ఆలస్యమైతే ఆ కొలతకు విలువ పోతుందో రాయాలి. ఈ గడువు పంట దశను బట్టి మారుతుంది. పిలకల దశలో ఒక రోజు ఆలస్యాన్ని భరించవచ్చు, పూతలో భరించలేము. ఎంత వేగంగా వస్తే వ్యవస్థ తట్టుకోవాలో అత్యధిక వర్షపు రోజును బట్టి రాయాలి.

ఆ తరువాత పరీక్ష. పరికరాలన్నింటినీ 6 గంటలు ఆపి, ఒకేసారి వదిలి, పంపినవెన్నో డేటాబేస్‌కు చేరినవెన్నో లెక్క సరిచూడాలి. తేడా వస్తే, పోయినవి కాగితం మీద “పోవచ్చు” అని రాసినవేనా అన్నది పరిశీలించాలి. ఈ పరీక్షను నారుమడి దశలోనే ముగించుకొంటే, నాట్లు పడేనాటికి సరిదిద్దుకొనే వ్యవధి మిగులుతుంది.